పది కోళ్లకు వచ్చే లాభం రెండొందల కోళ్లకు ఎందుకు రాదు?

యూట్యూబ్‌లో నాటుకోళ్ల వీడియోల్లో ఒక లెక్క తరచూ వినబడుతుంది. ఒక పెట్ట ఏడాదికి 60 గుడ్లు పెడుతుంది. వంద పెట్టలంటే 6,000 గుడ్లు. నూటికి 80 చొప్పున పిల్లలు లేచినా 4,800 పిల్లలు. ఒక్కోటి కిలోన్నర తూగుతుంది, కిలో 400 రూపాయలు అనుకుంటే 28 లక్షల 80 వేలు. ఇక ఖర్చేముంది, నాటుకోడి దాని తిండి అదే ఏరుకుంటుంది కదా! ఈ లెక్క చూసి ఉద్యోగం మానేసి ఊరికొచ్చి షెడ్డు వేసినవాళ్లున్నారు. రెండేళ్లు తిరక్కుండా అదే షెడ్డులో గడ్డిమోపులు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

విడివిడిగా చూస్తే ఆ అంకెల్లో పచ్చి అబద్ధమంటూ ఏదీ లేదు. పెట్ట 60 గుడ్లు పెట్టిన ఇల్లు ఉంది, నూటికి 80 లేచిన గంప ఉంది, మేతకు దమ్మిడీ ఖర్చు కాని పెరడూ ఉంది. అవన్నీ ఒకే పెట్టకు ఒకే ఏడాదిలో జరగవు. పైగా అవన్నీ గేదె, గడ్డి, పెంటకుప్ప, పిల్లాజెల్లా ఉన్న ఇంట్లో తేలిన అంకెలు. ఇంట్లోంచి కోడిని ఒక్కదాన్నే విడదీసి వందతో గుణిస్తే, దాని వెనకాల ఖర్చు మోసినవాళ్లంతా లెక్కలోంచి జారిపోతారు. ఎవరు ఎంత మోస్తున్నారో ఒక్కొక్కటిగా చూద్దాం.

పెట్ట క్యాలెండరు

ముందు ఆ 60 గుడ్ల సంగతి. పెట్ట ఒంట్లో ఒక గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది. అందుకే ఇవాళ పొద్దున ఎనిమిదింటికి పెడితే రేపు తొమ్మిదిన్నరకి, ఎల్లుండి ఇంకాస్త పొద్దెక్కాక పెడుతుంది. అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాటేసరికి ఒకరోజు మానేసి, మళ్లీ పొద్దున మొదలెడుతుంది. ఊళ్లో ఆడవాళ్లు తెల్లవారి గూడు తీసేటప్పుడు ఒక్కో పెట్టనూ పట్టుకుని వేలితో తడిమి చూసేది ఇందుకే. ఇవాళ గుడ్డుందని తేలిన పెట్టను గంప కింద మూసేస్తారు. లేకపోతే అది ఏ గడ్డివామి సందులోనో, పక్కింటి కట్టెలమోపు మీదో పెట్టి వస్తుంది.

12 నుంచి 15 గుడ్లు అయ్యేసరికి మూడు వారాలు గడుస్తాయి. అప్పుడు పెట్ట పొదుగుకొస్తుంది. ప్రోలాక్టిన్ అనే హార్మోన్ పెరిగి గుడ్డు పెట్టడం ఆగిపోతుంది. ఈకలు ఉబ్బించుకుని, చెయ్యి పెడితే పొడుస్తూ, కూర్చున్న చోటునుంచి కదలదు. 21 రోజులు పొదుగు. పిల్లలు లేచాక వాటిని వెంటేసుకుని రెండు నెలలు, ఒక్కోసారి మూడు నెలలు తిరుగుతుంది. వాటిని పొడిచి దూరంగా తరిమేదాకా మళ్లీ గుడ్డు ఊసెత్తదు. అంతా కలిపితే ఒక్కో విడతకు నాలుగు నెలలు, ఏడాదికి మూడు విడతలు. 45 గుడ్లు మామూలు, 60 అయితే మంచి పెట్ట.

ఇక పెట్ట కింద 10, 12 గుడ్లకు మించి పెడితే రెక్కలు చాలవు. అంచున పడ్డవి చల్లారి మురిగిపోతాయి. కాబట్టి మూడు విడతలకు 36 గుడ్లు పొదిగించి 28 పిల్లలు లేచాయనుకుందాం. మొదటి ఆరు వారాల్లో గద్ద తన్నుకుపోయేవి, ముంగిస పట్టేవి, కాకి ఎత్తుకుపోయేవి, వానలో తడిసి ముడుచుకుపోయేవి పోను సగం నిలిస్తే బాగా నిలిచినట్టే. పెట్టకు 14 అన్నమాట. వీడియో లెక్కలో పెట్టకు 48 పిల్లలున్నాయి.

మిషన్‌లో పొదిగించొచ్చు కదా అంటారు. పొదిగించొచ్చు. పొదుగు మాన్పిస్తే పెట్ట త్వరగా మళ్లీ గుడ్లకొస్తుంది కూడా. కానీ పెట్ట చేసే పనిలో పొదగడం ఒక భాగమే. లేచిన పిల్లకు మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, ఆ తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. పెట్ట రెక్కల కింద ఈ వేడి ఉచితం, కరెంటు పోయే టెన్షన్ లేదు. గద్ద నీడ నేలమీద పడగానే ఒక రకంగా అరిచి పిల్లల్ని పొదలోకి తోలేది అదే, గింజ కనబడితే కొక్ కొక్ మంటూ ముక్కుతో పైకెత్తి చూపించేదీ అదే. మిషన్ పిల్లలకు ఈ పనులన్నిటికీ బల్బు, వల, తొట్టి, మనిషి కావాలి. అవన్నీ ఉన్న మంచి ఫారాలు లేకపోలేదు. వాటిలో పెట్టుబడి లేని పని మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ గుడ్ల నిల్వ గురించి ఒక మాట. పొదుగు గుడ్ల మధ్య ఇనుప ముక్కో, బొగ్గు ముక్కో పెట్టే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా అని. ఉరుమును ఆపే శక్తి ఇనుముకు లేదు గానీ, ఉరుములు మొదలయ్యే రోజుల్లో గుడ్లు ఎక్కువగా పాడవుతాయన్న మాటలో నిజముంది. పుంజు తొక్కిన గుడ్డు చల్లగా ఉన్నంతకాలం నిద్రలో ఉంటుంది. వేడి పాతిక డిగ్రీలు దాటే కొద్దీ లోపల పిండం కొద్దికొద్దిగా పెరగడం మొదలెడుతుంది. అయితే పూర్తిగా పెరగడానికి ఆ వేడి చాలదు, దాంతో పెట్ట కిందికి చేరేలోపే అది చచ్చిపోతుంది. మే నెలలో మన ఇళ్లలో గది వేడే 35 దాటుతుంది. అందుకే ఎండాకాలం రెండు వారాలు పోగేసిన గుడ్లు పొదిగిస్తే సగం మురుగు తేలతాయి. కుండలో తడి ఇసుక పోసి, దానిమీద గుడ్డ పరిచి గుడ్లు దాచినా, ఐదారు రోజుల లోపలివే ఏరి పొదిగించినా ఈ నష్టం చాలావరకు తగ్గుతుంది.

ఏరుకుతినే తిండి ఎక్కడిది?

పొద్దున్నే కొట్టం ఊడ్చి, పేడతట్ట తీసుకెళ్లి పెంటకుప్ప మీద పోయగానే కోళ్లు పరుగెత్తుకొస్తాయి. పెట్ట కుడికాలితో రెండుసార్లు, ఎడమకాలితో ఒకసారి గీకి, ఒక అడుగు వెనక్కి వేసి మెడ వంచి చూస్తుంది. తెల్లగా ముడుచుకుని ఒక పురుగు కనబడుతుంది. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ముపురుగు పిల్లదశలో పెరిగేది ఇలాంటి పెంటకుప్పల్లోనే. కోడికి అది పలావు. గేదె పొట్టకింద వేలాడే పిడుదుల్ని పొడుచుకుతినే కోళ్లనూ చూస్తుంటాం. గేదె కుడితితొట్టి చుట్టూ ఒలికిన తవుడు, దాణా తినేటప్పుడు రాలిన గానుగచెక్క ముక్కలు, వరిగడ్డిలో మిగిలిన తాలుగింజలు, వంటింటి కడుగునీళ్లలో కొట్టుకొచ్చిన మెతుకులు, చేట చెరిగినప్పుడు ఎగిరిన నూకలు. కోడి 'దానంతట అది' తినే తిండి జాబితా ఇది. ఇందులో చాలా భాగం గేదె ఖాతాలోంచి వస్తోంది.

పురుగు సంగతి చిన్నదిగా కనబడుతుంది గానీ అసలు కిటుకు అదే. గుడ్లు పెట్టే పెట్ట మేతలో మాంసకృత్తులు నూటికి 16 నుంచి 18 పాళ్లు ఉండాలి. బియ్యంలో ఉండేది ఏడెనిమిది, జొన్నల్లో పది దాకా. అంటే నూకలు ఎన్ని చల్లినా కడుపు నిండుతుంది తప్ప గుడ్డు తయారవదు. ఆ తేడాను పూడ్చేది పురుగులు, చెదలు, వానపాములు, మునగాకు, చేపల తల ముక్కలు. అందుకే పెరట్లో బాగా గుడ్లు పెట్టే పెట్టను తెచ్చి వల లోపల మూసి నూకలు పోస్తే నెల తిరిగేలోపు గుడ్డు మానేస్తుంది. జాతి చెడిందనో, దిష్టి తగిలిందనో అనుకుంటాం. దానికి కరువైంది పురుగు.

పాతకాలం వాళ్లకు ఈ మాంసకృత్తుల లెక్క తెలియకపోయినా పని తెలుసు. మా పెద్దమ్మ కొత్తగా పిల్లలు లేచినప్పుడల్లా ఒక పాత కుండలో ఎండిన పేడ ముక్కలు, చెత్త గడ్డి, చిరిగిన గోనెపట్టా కుక్కి, నీళ్లు చిలకరించి, చెదలు తిరిగే చోట బోర్లించి వచ్చేది. మర్నాడో మూడోనాడో తీసి పిల్లల ముందు దులిపితే చెదపురుగులు జలజలా రాలేవి. పైసా ఖర్చు లేకుండా కోడిపిల్లకు దొరికే మేతల్లో దీన్ని మించింది నాకు తెలియదు.

అయితే పెరడుకూ ఒక హద్దుంది. ఒక గేదె, ఒక పెంటకుప్ప, ఒక వంటిల్లు కలిసి ఎన్ని పురుగుల్ని, ఎన్ని గింజల్ని ఇవ్వగలవో అన్నే కోళ్లు బతుకుతాయి. ఐదు పెట్టలున్నచోట పదిహేను పెడితే గుడ్లు మూడింతలు కావు. పిల్లలు ఎక్కువ లేస్తాయి, తిండి చాలక ఎక్కువ పోతాయి, నిలిచేవి మాత్రం ఇంచుమించు అన్నే ఉంటాయి. ఈలోగా పెద్దవి పక్కింటి చిక్కుడుపాదు కెలికి గొడవలు తెస్తాయి. ఊళ్లో కోళ్ల సంఖ్య తేల్చే వాటిలో పక్కింటివాళ్ల సహనం చిన్న విషయమేం కాదు.

ఆ హద్దు కూడా ఏటేటా దగ్గరికి జరుగుతోంది. వరి కోతమిషన్ వచ్చాక కళ్లం ఇంటికి రావడం మానేసింది. వడ్లు చేలోంచే లారీ ఎక్కుతున్నాయి, గడ్డి కట్టలుగా అక్కడే అమ్ముడుపోతోంది. ఇంటి వడ్లు మర పట్టించి తవుడు, నూకలు వెనక్కి తెచ్చుకునేవాళ్లు తక్కువైపోయారు, బియ్యం బస్తా దుకాణం నుంచి వస్తోంది. వాకిలి సిమెంటు అయింది. ఇన్ని జరిగినా పెరటి కోళ్లు తగ్గలేదు సరికదా, 2019 పశుగణనలో దేశం మొత్తం మీద 31 కోట్ల 70 లక్షలకు చేరాయి. 2012తో పోలిస్తే నూటికి 46 పెరుగుదల. ఫారం కోళ్లు అదే కాలంలో ఐదు శాతం కూడా పెరగలేదు. నాటుకోడికి పట్నంలో పలికే ధర, ప్రభుత్వాలు పంచిన మెరుగుజాతి పిల్లలు ఇందుకు కారణమని నా అనుమానం. పెరడు ఇవ్వలేని మేతను ఇప్పుడు చాలామంది కొని పోస్తున్నారు, ఆ కొన్నది మాత్రం ఎక్కడా రాసుకోవడం లేదు.

కొని పోస్తే ఏమవుతుంది?

బ్రాయిలర్ కోడి ఐదారు వారాల్లో రెండు కిలోలు తూగుతుంది, అందుకు మూడున్నర కిలోల మేత తింటుంది. నాటుకోడి కిలోన్నర తూగడానికి ఐదారు నెలలు కావాలి. పూర్తిగా కొన్న మేతే అయితే తొమ్మిది కిలోల దాకా పోయాలి. మేత కిలో 35 రూపాయలు వేసుకోండి, ఒక్క మేతకే 315 అవుతుంది. పిల్ల ఖరీదు, టీకాలు, చచ్చిన వాటి భారం, కరెంటు, కూలి కలిపితే 500 దగ్గరికి వస్తుంది. కిలో 400కి అమ్ముడైతే కిలోన్నర కోడికి వచ్చేది 600. ఆ 400 కూడా నేరుగా ఇంటికొచ్చి కొనేవాడు ఇచ్చే ధర. 200 కోళ్లు ఒక్కసారి అమ్మాలంటే వ్యాపారికే వేయాలి, వ్యాపారి అదే ధర ఇవ్వడు. నూటికి 15 చచ్చిపోతే లాభం మాట అటుంచి, అసలు దక్కడమే గొప్ప.

అందుకే ఈ వ్యాపారం బాగా చేసేవాళ్లు నాటుకోడిని నమ్ముకోకుండా మధ్యరకాలకు వెళ్లారు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ ఈ కోవలోవి. రంగురంగుల ఈకలతో చూడటానికి నాటుకోడిలా ఉంటాయి, పెరట్లో తిరగగలవు. గ్రామప్రియ గుడ్లకు పేరు, ఏడాదికి 160 పైన పెడుతుంది. వనరాజా బరువుకు మంచిది, గుడ్లు 100 దాటి పెడుతుంది. ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఇన్ని గుడ్లు పెట్టగలిగేది పొదుగుకు రావడం పోయింది కాబట్టే. పైగా అవి సంకరాలు, వాటి గుడ్లను పొదిగించినా పిల్లల్లో తల్లి గుణం నిలవదు. ప్రతిసారీ పిల్లల్ని కొనాల్సిందే.

ఒకపక్క పొదిగే గుణం, ఇంకోపక్క గుడ్ల సంఖ్య. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. ఊళ్లో కొందరు దీనికి చక్కటి దారి పట్టారు. అసీలు అనే నాటుజాతి కోడి గుడ్లు తక్కువ పెడుతుంది గానీ పొదగడంలో, పిల్లల్ని కాయడంలో దానికి సాటి లేదు. కాబట్టి రెండు అసీలు పెట్టల్ని ఉంచుకుని, మిగతా కోళ్ల గుడ్లు కూడా వాటికిందే పెడతారు. బాతుగుడ్లు కూడా పొదిగిస్తారు. వాటికి 28 రోజులు కావాలి, ఆ అదనపు వారం కూడా పాపం పెట్ట ఓపిగ్గానే కూర్చుంటుంది. తర్వాత బాతుపిల్లలు నీళ్లలోకి దిగినప్పుడు గట్టుమీద అది పడే హైరానా చూసి తీరాలి.

వంద డోసుల సీసా

పెరటి కోడికి అసలు శత్రువు గద్ద కాదు, కొక్కెర తెగులు. పుస్తకాల్లో రాణిఖేత్ అంటారు. 1920ల చివర్లో మన దేశంలో దీన్ని మొదట గుర్తించిన ఊరు ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని రాణిఖేత్. కోడి ఆకుపచ్చగా పారుతుంది, నోరు తెరిచి గాలి పీలుస్తుంది, కొన్నిటికి మెడ తిరిగిపోతుంది. టీకా లేని మందలో పడితే వారం రోజుల్లో గూడు ఖాళీ అవుతుంది. మందు లేదు, టీకా ఒక్కటే దారి. పిల్లకు వారంలోపు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క లసోటా అనే టీకా, నాలుగు వారాలకు మరోసారి, రెండు నెలలు నిండాక రెక్క కింద ఆర్‌టూబీ అనే టీకా సూది.

ఇంత సులువైతే ఇంకా ఊళ్లకు ఊళ్లు కోళ్లు ఎందుకు పోతున్నాయి? సీసా కొలత చూడండి. టీకా మామూలుగా 100 డోసులు, అంతకన్నా పెద్ద సీసాల్లో వస్తుంది. 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉండాలి. ఒకసారి కలిపాక గంట, రెండు గంటల్లో వాడేయాలి. ఇంట్లో ఉన్నవి ఐదు పెట్టలు, పది పిల్లలు. వాళ్లు వంద డోసుల సీసా కొని, ఐసుముక్కల మధ్య పెట్టుకుని, పదిహేను కోళ్లకు వేసి మిగతాది పారబోయాలి. టీకా ధర తక్కువే, అయినా ఈ తిప్పలు పడేవాళ్లు తక్కువ. వెయ్యి కోళ్ల ఫారానికి ఈ బాధ లేదు. పెద్ద ఫారానికి కోడికి పైసల్లో పడే రక్షణ చిన్న ఇంటికి అందకుండా పోయేది ఒక్క సీసా సైజు వల్ల. దీనికి ఊరి స్థాయిలోనే విరుగుడుంది. వీధిలో ఆరేడు ఇళ్లవాళ్లు ఒక సాయంత్రం అనుకుని, కోళ్లు గూళ్లకు చేరాక పశువుల ఆసుపత్రి నుంచి సీసా తెప్పిస్తే చీకటి పడేలోపు పని అయిపోతుంది. పగలు పెట్టుకుంటే సగం కోళ్లు చేతికి దొరకవు.

తెగులు పాకే దారి కూడా మన డబ్బు భయం వేసిన దారే. గూట్లో ఒక కోడి తూగుతూ కనబడగానే, మిగతావీ పోతాయేమోనని అన్నిటినీ గబగబా సంతకు తోలేస్తాం. పైకి బాగానే ఉన్న ఆ కోళ్లు తెగులును మోసుకుని పదూళ్లకు వెళ్తాయి. సంతలో కొన్న కోడిని తెచ్చిన రోజే మన కోళ్లలో కలిపేయడం దీనికి రెండో సగం. కనీసం రెండు వారాలు విడిగా కట్టేస్తే చాలావరకు తేలిపోతుంది.

పక్షుల ఫ్లూ వస్తే మాత్రం ఈ జాగ్రత్తలేవీ అక్కరకు రావు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరు ఫారాల్లో అది తేలినప్పుడు చుట్టూ కిలోమీటరు దాకా జబ్బు మండలంగా ప్రకటించారు. అలా ప్రకటించిన చోట కోళ్లన్నిటినీ చంపేస్తారు, పెరటి కోళ్లకూ మినహాయింపు ఉండదు.

గేదె, మేక

ఇంటి లెక్కలో గేదెది నెలజీతం పాత్ర, మేకది చేబదులు పాత్ర. కోడి చిల్లర. రోజువారీ పని కూడా ఇదే వరసలో ఉంటుంది. ఎక్కువ పని, ఎక్కువ ఖర్చు, ఎక్కువ దిగులు గేదె చుట్టూనే.

గేదె నష్టం చాలా ఇళ్లలో కనబడకుండానే జరుగుతుంది. ఆవు ఎదకొస్తే అరిచి గోల చేస్తుంది. గేదెకు తరచూ మూగఎద, అదీ ఎక్కువగా రాత్రిపూట, తెల్లవారుజామున. జిగురు తీగ కనబడిందా లేదా అని పొద్దున్నే కొట్టంలో చూసే మనిషి లేకపోతే ఎద తప్పిపోతుంది. మళ్లీ 21 రోజులకు గాని రాదు. రెండుసార్లు తప్పితే నెలన్నర ఆలస్యం, ఆ నెలన్నరా పాలు రాకపోయినా దాణా తప్పదు. చూడి మోసేది పది నెలల పైనే. గేదెల మీద లాభం రాలేదనేవాళ్లు లీటరు ధర గురించే మాట్లాడతారు. ఈతకూ ఈతకూ మధ్య ఎన్ని నెలలు పోయాయో అడిగితే చాలామంది దగ్గర లెక్క ఉండదు.

మేకలు, గొర్రెల దగ్గర పెద్ద దెబ్బ తొలకరిలో తగులుతుంది. ఎండాకాలమంతా ఎండుగడ్డి మీద ఉన్న జీవం మొదటి వానలకు మొలిచిన లేతగడ్డిని ఆబగా మేస్తుంది. పేగుల్లో ఎప్పుడూ ఉండే ఒక సూక్ష్మజీవి ఆ మేతకు ఒక్కసారిగా పెరిగి విషం వదులుతుంది. అదే చిటుకరోగం. చిత్రమేమంటే చచ్చేవి మందలో బలంగా, బాగా మేసే జీవాలే. సాయంత్రం దొడ్లోకి వచ్చిన పిల్ల తెల్లారేసరికి ఉండదు. ఎవరో ఏదో చేశారని అనుమానాలు పుట్టేది ఇలాంటప్పుడే. టీకా వానలకు ముందే పడాలి, ఆ తర్వాత పెద్దగా చేయగలిగింది లేదు.

ఈ మూడింటినీ కలిపి ఉంచే ఇంటికి అసలు బలం ఒకదాని వృథా ఇంకోదానికి మేత కావడంలో ఉంది. గేదెను అమ్మేసిన ఇంట్లో మరుసటి ఏటికి కోళ్లు తగ్గడం మా వైపు మామూలే. కొట్టం పోయింది, పెంటకుప్ప పోయింది, కుడితితొట్టి ఎండిపోయింది. కోళ్లకు ఏమీ చేయకపోయినా వాటి మేత పోయింది.

ధర మాటకొస్తే

వీడియోల్లో లక్షల ధర పలికే పుంజులు పందెం పుంజులు. డేగ, కాకి, నెమలి అని రంగుల పేర్లతో పిలుస్తూ ఏడాదిన్నర పైగా విడివిడిగా కట్టి మేపుతారు, బాదం, ఉడికించిన గుడ్లు, మాంసం పెడతారు. కోడిపందేలు చట్టరీత్యా నేరం, సంక్రాంతికి ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. ఆ సంగతి అలా ఉంచి, ఒక ఫారం లెక్కలో ఆ ధరను కలపడం లాటరీ డబ్బును జీతంలో కలుపుకోవడమే.

కూరకు అమ్మే కోడికీ పండగే అదను. జనవరి సంక్రాంతికి ఆరు నెలల పుంజు కావాలంటే పిల్ల జులైలో లేవాలి, గుడ్డు జూన్ చివర్లో పెట్ట కిందికి వెళ్లాలి. అంటే మే, జూన్ ఎండల్లో పోగేసిన గుడ్లు, జోరువానల్లో పెరగాల్సిన పిల్లలు. గుడ్డు మురిగేదీ, పిల్ల చచ్చేదీ ఎక్కువగా ఈ కాలంలోనే. పండగ ధర ఊరికే పెరగడం లేదు.

ఐదు పెట్టల ఇంటి లెక్క

ఇప్పుడు ఉజ్జాయింపుగా ఒక ఇంటి లెక్క వేద్దాం. ఐదు పెట్టలు, ఒక పుంజు, కొట్టంలో ఒక గేదె. ఏడాదికి 275 గుడ్లు. పెట్టకు రెండు విడతలు పొదిగిస్తారు, మూడో విడత పొదుగుకొచ్చినప్పుడు నీళ్లలో ముంచో, ముక్కులో ఈక గుచ్చో మాన్పిస్తారు. 120 గుడ్లు పొదిగిస్తే 95 పిల్లలు, చేతికొచ్చేవి 45. పది ఇంటికి, చుట్టాలకు. 35 అమ్మితే చిన్నా పెద్దా కలిపి ఒక్కోటి 500 చొప్పున 17,500. మిగిలిన 155 గుడ్లు పిల్లల పళ్లేల్లోకి. రోజుకు 15 రూపాయల నూకలు కొంటే ఏడాదికి 5,475. టీకాలు, మందులు, గంప 500. నికరం 11,525. ఈ డబ్బు చాలా ఇళ్లలో ఇంటావిడ చేతిలోనే ఉంటుంది, దీనికి ఆమె ఎవరికీ లెక్క చెప్పక్కర్లేదు.

ఇందులో ఆమె పని వేయలేదు. గూడు తీయడం, తడిమి చూడటం, గంప మూయడం, నీళ్లు, గింజలు, గద్దొస్తే అదిలించడం, పొద్దుగూకాక లెక్కపెట్టి గూడు మూయడం కలిపి రోజుకు ముప్పావు గంట వేసుకుందాం. ఏడాదికి 274 గంటలు, ఎనిమిది గంటల కూలిరోజుల్లో 34. రోజుకూలి 350 చొప్పున ఇంచుమించు 12,000. నికరం అంతా ఆమె కూలికే సరిపోయింది, ఇంకా నాలుగైదు వందలు తక్కువే.

అయినా ఐదు పెట్టల ఇంట్లో ఎవరూ నష్టపోవడం లేదు. ఆ ముప్పావు గంట పొయ్యి మీద అన్నం ఉడికేలోపు ఐదు నిమిషాలు, పాలు పితికి వస్తూ రెండు నిమిషాలుగా దొరికిన సమయం. దాన్ని పోగుచేసి కూలికి అమ్ముకునే వీలు ఆమెకు లేదు. రెండొందల కోళ్లయితే పని అలా ముక్కల్లో సాగదు, ఒక మనిషి పొద్దంతా అక్కడే ఉండాలి. ఇంటివాళ్లే ఉంటే ఇంకో సంపాదన మానుకోవాలి, పనివాణ్ని పెడితే నెల తిరిగేసరికి జీతం ఇవ్వాలి. వీడియో లెక్కలో ఆ మనిషి ఎక్కడా లేడు.